ఇథనాల్ మిశ్రమంతో టర్బో ఎస్‌యూవీ శక్తిని పెంచే క్రమం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాహనదారులకు సమగ్ర మార్గదర్శి

కావలిలో గానీ, సింగరాయకొండలో గానీ, ఒంగోలు బైపాస్ మీద గానీ బంకులో మామూలు పెట్రోలు పోయించుకుంటే ఇప్పుడు మన ట్యాంకులోకి చేరేది ఇరవై శాతం దాకా ఇథనాల్ కలిసిన ఈ20 ఇంధనమే. మైలేజీ తగ్గిందని వాహనదారులు చేసే ఫిర్యాదులో న్యాయం ఉంది. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే లీటరు ఇథనాల్‌లో 21 మెగాజౌళ్లు మాత్రమే ఉంటుంది కనుక, శుద్ధ పెట్రోలుతో పోల్చినప్పుడు ఈ20లో లీటరుకు దాదాపు ఏడు శాతం శక్తి తక్కువ. అయితే చెరకు నుంచీ, మొక్కజొన్న నుంచీ, మన వరి మిల్లుల్లో మిగిలే నూకల వంటి ధాన్యం నుంచీ తయారయ్యే ఈ ఇథనాల్‌కు, గాలిని ఒత్తిడితో లోపలికి తోసే టర్బో ఉన్న ఇంజన్‌లో మరొక గుణం బయటపడుతుంది. ఇంజన్‌ను దానికి తగినట్లుగా సరిదిద్దుకున్నవారికి అదనపు శక్తి లభిస్తుంది. సరిదిద్దుకోకుండా కేవలం ఇథనాల్ పాలు పెంచినవారికి పిస్టన్ పగిలే ప్రమాదం ఎదురవుతుంది. ఆ సరిదిద్దే పనిని ఏ వరుసలో చేయాలో, ఎక్కడ ఆగాలో వివరించడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇందులో చెప్పేదంతా టర్బో ఉన్న పెట్రోలు ఎస్‌యూవీలకే వర్తిస్తుంది. మన ప్రాంతంలో ఎస్‌యూవీ అనగానే డీజిల్ బండి గుర్తుకు రావడం సహజం కాబట్టి ముందుగానే స్పష్టం చేస్తున్నాను: డీజిల్ ఇంజన్‌లో ఇథనాల్ పోయకూడదు. మహీంద్రా స్కార్పియో-ఎన్ రెండు లీటర్ల పెట్రోలు, హ్యుందాయ్ క్రెటా ఒకటిన్నర లీటరు టర్బో, స్కోడా కుషాక్ ఒకటిన్నర లీటరు టీఎస్ఐ వంటి నేరుగా సిలిండర్లలోకి ఇంధనం చిమ్మే ఇంజన్లను దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను.

ఇథనాల్ శక్తినిచ్చే విధానం

టర్బో ఇంజన్ శక్తికి హద్దు గీసేది సాధారణంగా నాకింగ్. ప్లగ్గు నిప్పురవ్వ వేసిన తరువాత మంట సిలిండరంతా పాకేలోగా, మూలన మిగిలిన గాలి, ఇంధనాల మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేక తనంతట తానే పేలడాన్ని నాకింగ్ అంటాము. రోహిణి కార్తెలో ఒంగోలు ఎండ 44, 45 డిగ్రీలకు చేరినప్పుడు టర్బోలోకి వెళ్లే గాలే ఆ వేడిలో ఉంటుంది కనుక నాకింగ్ ముందుగా మొదలవుతుంది. ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, దాన్ని గుర్తించి నిప్పురవ్వ వేసే సమయాన్ని వెనక్కి జరుపుతుంది. బండి బరువెక్కినట్లు నడుస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం పికప్ తగ్గిందని మనవాళ్లు చెప్పుకునే మాటకు ఉన్న కారణాల్లో ఇది ముఖ్యమైనది. దీనికి తోడు, 20 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత ఎనిమిది శాతం దాకా తక్కువ.

ఇథనాల్ ఈ సమస్యను రెండు వైపుల నుంచి తగ్గిస్తుంది. మొదటిది ఆక్టేన్, అంటే నాకింగ్‌ను తట్టుకునే శక్తికి కొలత: మన దేశంలో బీఎస్-6 సాధారణ పెట్రోలు ప్రమాణం 91 కాగా ఈ20 ప్రమాణం 95, శుద్ధ ఇథనాల్ విలువ సుమారు 108. రెండవది, నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది, ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని పీల్చుకునే గుణం. కిలో పెట్రోలు ఆవిరి కావడానికి సుమారు 350 కిలోజౌళ్ల వేడి కావాలి. కిలో ఇథనాల్‌కు దాదాపు 900 కావాలి. పైగా అదే గాలికి ఇథనాల్ ఎక్కువ పరిమాణంలో అవసరమవుతుంది. ఈ రెండూ కలిపి లెక్కిస్తే, కిలో గాలి నుంచి పెట్రోలు 24 కిలోజౌళ్ల వేడిని లాగితే ఈ20 సుమారు 34, ఈ30 సుమారు 40, శుద్ధ ఇథనాల్ 100 కిలోజౌళ్లు లాగుతాయి. నేరుగా సిలిండర్లోకి చిమ్మే ఇంజన్‌లో ఈ చల్లదనం సిలిండర్లోని గాలికే చేరుతుంది. కుండలోని నీళ్లు చల్లబడే సూత్రమే ఇక్కడా పనిచేస్తున్నది.

ఇథనాల్ తనంతట తాను శక్తిని పెంచదన్న సంగతి దీనిని బట్టి అర్థం చేసుకోవాలి. అది నాకింగ్ హద్దును దూరం జరుపుతుంది. ఆ ఖాళీని నిప్పురవ్వ సమయంతోనూ, కొంత మేరకు బూస్ట్‌తోనూ, అంటే టర్బో తోసే గాలి ఒత్తిడితోనూ, మనం వాడుకోవాలి. ట్యాంకులో ఉన్న ఇథనాల్ శాతం మనకు కచ్చితంగా తెలిసినప్పుడే ఆ ఖాళీ ఎంతో తెలుస్తుంది. ఈ మార్గదర్శిలోని ప్రతి మెట్టూ ఆ ఒక్క అంకె మీదే నిలబడుతుంది.

ఏ మిశ్రమాన్ని ఎంచుకోవాలి

మన రెండు జిల్లాల వారికి నా సలహా ఇది: మొదట ఈ20కే ట్యూనింగ్ చేయించుకోండి, అది స్థిరపడి కొన్ని నెలలు గడిచాక, అవసరమనిపిస్తే ఈ30కి వెళ్లండి, ఈ40ని పైహద్దుగా భావించండి. విదేశాల్లో పేరుపడిన ఈ85 వెంట మనం పరుగెత్తనక్కర లేదు. దానికి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు, పంపులు పెద్దవి కావాలి. అన్నిటికన్నా ముందు, రోజూ దొరికే బంకు దగ్గరలో ఉండాలి. ఇండియన్ ఆయిల్ సంస్థ 2024 మార్చిలో ఇథనాల్ 100 అనే ఇంధనాన్ని మహారాష్ట్ర, కర్ణాటక, ఉత్తరప్రదేశ్, ఢిల్లీ, తమిళనాడులలో 183 బంకుల్లో ప్రవేశపెట్టింది. ఆ తొలి జాబితాలో ఆంధ్రప్రదేశ్ లేదు కనుక, మన దగ్గర ఇంకా దొరకకపోతే, నెల్లూరు వారు తడ దాటి తమిళనాడులోకి వెళ్లినప్పుడు మాత్రమే దాని గురించి ఆలోచించగలరు. పేరులో నూరు ఉన్నప్పటికీ అందులో ఇథనాల్ 93 శాతం ప్రాంతంలోనే ఉంటుంది. మిగిలినది పెట్రోలు, రెండూ విడిపోకుండా ఉంచే ద్రావకం. అది ఇథనాల్ ఏ పాళ్లలో ఉన్నా సర్దుకునే ఫ్లెక్స్ ఫ్యూయల్ వాహనాల కోసం ఉద్దేశించిన ఇంధనమన్న విషయాన్ని కూడా మరచిపోకూడదు.

కలిపే లెక్క తేలికే. 50 లీటర్ల ట్యాంకులో మొత్తం ఈ30 కావాలంటే, 93 శాతం ఇథనాల్ ఉన్న ఇంధనం సుమారు 7 లీటర్లు, ఈ20 పెట్రోలు 43 లీటర్లు ఉండాలి. ఈ40 కావాలంటే దాదాపు 14 లీటర్లు, 36 లీటర్లు. ట్యాంకులో అప్పటికే మిగిలి ఉన్న ఇంధనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 12 లీటర్ల ఈ40 మిగిలి ఉండగా 38 లీటర్ల ఈ20 పోస్తే ట్యాంకులోని మిశ్రమం 25 శాతానికి పడిపోతుంది.

డిస్టిలరీల నుంచి గానీ, రసాయనాల దుకాణాల నుంచి గానీ పారిశ్రామిక ఆల్కహాలు తెచ్చి కలపాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే దానిని వెంటనే విడిచిపెట్టాలి. దానిని దగ్గర ఉంచుకోవడం ఎక్సైజ్ చట్టాల పరిధిలోకి వస్తుంది. పైగా తాగకుండా ఉండేందుకు అందులో ఏమి కలిపారో మనకు తెలియదు. మిథనాల్ కలిసి ఉంటే అది లోహాలనూ, రబ్బరునూ తినేస్తుంది, మనిషికి విషం కూడా. ప్లాస్టిక్ డబ్బాల్లో ఇంధనం మోసుకురావద్దు. బంకు దగ్గరే నేరుగా ట్యాంకులో పోయించుకోవాలి.

మొదలుపెట్టే ముందు కాగితాల సంగతి

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనంలో మార్పులు చేయడాన్ని నియంత్రిస్తుంది. ఈసీయూ మ్యాపును, అంటే ఇంధనం, నిప్పురవ్వ, బూస్ట్ విలువల పట్టికను, మార్చిన తరువాత ఇంజన్‌కు, గేర్‌బాక్స్‌కు కంపెనీ వారంటీ దక్కదనే అనుకోవాలి. బీమా సంస్థకు మార్పుల సంగతి రాతపూర్వకంగా తెలపాలి. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తీయించవద్దు. ఇక్కడ చెప్పే శక్తి పెంపుదలకు దానిని తీయవలసిన అవసరం ఎంతమాత్రమూ లేదు. వారంటీ గడువు ఇంకా మిగిలి ఉన్నవారు అది ముగిసే దాకా ఆగడమే మేలని నేను భావిస్తాను.

మొదటి మెట్టు: ఇంజన్ ఆరోగ్యం

ఉన్న శక్తినే సరిగా ఇవ్వలేని ఇంజన్‌కు అదనపు శక్తిని అడగకూడదు. ముందు కంప్రెషన్ పరీక్ష (సిలిండర్లలోని ఒత్తిడి కొలత) చేయించి, సిలిండర్ల మధ్య తేడా పది శాతానికి లోబడి ఉందో లేదో చూడాలి. టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి గాలిని అదుపు చేసే థ్రాటిల్‌కు వెళ్లే గొట్టాల్లో గాలి కారుతున్నదేమో ఒత్తిడి పెట్టి పరీక్షించాలి. తరువాత బండి సెన్సార్ల అంకెలను చదివే ఓబీడీ పరికరం తగిలించి, మూడు రోజుల పాటు మామూలుగా నడుపుతూ నాలుగు అంకెలను నమోదు చేయాలి: ఇంధన సవరణ శాతం (ఈసీయూ తనంతట తాను ఇంధనాన్ని ఎంత పెంచిందో, తగ్గించిందో చూపేది), ప్రతి సిలిండర్‌లో నాకింగ్ వల్ల వెనక్కి జరిగిన డిగ్రీలు, ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఉష్ణోగ్రత, ఇంధన రైలు (ఇంజెక్టర్లకు ఇంధనం అందించే గొట్టం) పీడనం. ఈ నమోదును భద్రపరచుకోండి. తరువాత చేసే ప్రతి మార్పునూ దీనితోనే పోల్చి చూడాలి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన రెండు ఇబ్బందులున్నాయి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల వైపు తరచూ తిరిగే బండ్లలో ఎయిర్ ఫిల్టర్ రాతి దుమ్ముతో త్వరగా మూసుకుపోతుంది. అటువంటి ఫిల్టర్‌తో టర్బో అదే బూస్ట్ ఇవ్వడానికి ఎక్కువ వేగంతో తిరగవలసి వస్తుంది, గాలి మరింత వేడెక్కుతుంది. కృష్ణపట్నం, విడవలూరు వంటి తీర ప్రాంతాల్లో, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లలో ఉప్పుగాలికి సెన్సార్ల కనెక్టర్లు చిలుము పడతాయి. ట్యూనింగ్‌కు ముందే వాటిని విప్పి శుభ్రం చేయించాలి. ఒక్క సెన్సార్ తప్పుడు అంకె ఇచ్చినా మ్యాపంతా ఆ తప్పు మీదే కట్టినట్లవుతుంది.

రెండవ మెట్టు: ఇథనాల్ శాతాన్ని కొలవడం

బంకు మీద రాసిన అంకెను నమ్మి ట్యూనింగ్ చేయకూడదు. ఇంటి దగ్గరే చేయగల పరీక్ష ఒకటి ఉంది. వంద మిల్లీలీటర్ల గీతలున్న గాజు కొలగొట్టం తీసుకొని 20 గీత దాకా నీళ్లు పోయాలి. వంద గీత దాకా, అంటే 80 మిల్లీలీటర్లు, ఇంధనం పోసి, మూత బిగించి, ఒక నిమిషం బాగా కుదిపి, మధ్యమధ్య మూత వదులు చేసి ఆవిరిని బయటికి పంపాలి. పది నిమిషాలు కదపకుండా ఉంచితే ఇథనాల్ నీటితో కలిసి అడుగుకు చేరుతుంది. అడుగు పొర 36 గీత దగ్గర నిలిస్తే, పెరిగినది 16. 80లో 16 అంటే ఇరవై శాతం. ఒకటి రెండు శాతం అటూ ఇటూ ఉండవచ్చు, మన అవసరానికి అది చాలు. ఈ పని ఆరుబయట, నిప్పుకు, స్విచ్చులకు దూరంగా చేయాలి. మిగిలిన ద్రవాన్ని తిరిగి ట్యాంకులో పోయకూడదు.

ఈ30 దాటి వెళ్లదలచినవారికి మాత్రం గాజు గొట్టం చాలదు, బండిలోనే ఇథనాల్ సెన్సార్ ఉండాలి. ట్యాంకు నుంచి హై ప్రెషర్ పంపుకు వచ్చే తక్కువ ఒత్తిడి గొట్టంలోనే దీనిని అమర్చాలి. రైలు వైపు అమర్చకూడదు. సాధారణంగా వాడే సెన్సార్లు ఇథనాల్ లేనప్పుడు 50 హెర్ట్జ్, శుద్ధ ఇథనాల్ ఉన్నప్పుడు 150 హెర్ట్జ్ సంకేతాన్ని ఇస్తాయి. ఆ లెక్కన ఈ30కి 80 హెర్ట్జ్ రావాలి. అమర్చిన తరువాత గాజు గొట్టం పరీక్షతో ఒకసారి సరిపోల్చుకోవాలి.

ఈ విషయంలో ఇంత పట్టుదలగా ఉండడానికి కారణం చెప్పాలి. నాకు తెలిసిన ఒక రొయ్యల రైతు తన ఎస్‌యూవీకి ఈ40 మ్యాపు వేయించుకున్నారు. వేసిన షెడ్డువారు సెన్సార్ పెట్టలేదు, పెట్టాలని చెప్పనూ లేదు. ఆయన కుటుంబంతో శ్రీశైలం వెళుతూ మార్కాపురంలో ట్యాంకు నింపించుకున్నారు. దోర్నాల దాటి ఘాట్ ఎక్కేటప్పటికి ట్యాంకులో ఉన్నది దాదాపు ఈ25. ఈసీయూ మాత్రం ఈ40 ఉన్నదనే నమ్మకంతో నిప్పురవ్వను ముందుగా వేస్తూ పోయింది. నిండు బండి, ఎత్తు రోడ్డు, మే నెల మధ్యాహ్నం. మూడవ సిలిండర్ పిస్టన్‌లో రింగుల మధ్య గోడ విరిగింది. ఆ ఇంజన్ విప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. సెన్సార్ ఉండి, ఇథనాల్ తగ్గగానే మ్యాపు తనంతట తాను వెనక్కి తగ్గి ఉంటే ఆ నష్టం జరిగేది కాదు.

మూడవ మెట్టు: ఇంధన వ్యవస్థ ఎంత మోయగలదు

ఇథనాల్ పెరిగే కొద్దీ అదే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. సంపూర్ణ దహనానికి కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. మధ్యలో ఈ20కి సుమారు 13.5, ఈ30కి 12.9, ఈ40కి 12.3. పరిమాణంలో చూస్తే ఈ20 నుంచి ఈ30కి మారినప్పుడు నాలుగు శాతం, ఈ40కి మారినప్పుడు ఎనిమిది శాతం, ఈ85కి మారినప్పుడు 33 శాతం అదనపు ఇంధనం కావాలి. ఈ40తో పాటు పది శాతం శక్తిని కూడా పెంచదలిస్తే ఆ రెండూ గుణించుకొని, ఇంధన అవసరం 19 శాతం దాకా పెరుగుతుంది. మామూలు ఎస్‌యూవీలో మార్పులు లేకుండా దొరికే మిగులు దాదాపు ఇంతలోనే ఉంటుంది కనుకనే ఈ40ని పైహద్దు అన్నాను.

నేరుగా చిమ్మే ఇంజన్‌లో సమయం కూడా తక్కువ. 6000 ఆర్‌పీఎం దగ్గర క్రాంకు ఒక చుట్టు తిరగడానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. పిస్టన్ కిందికి దిగుతూ గాలి పీల్చుకునే కాలం అందులో సగం, అంటే 5 మిల్లీసెకన్లు. అవసరమైన ఇంధనంలో అధిక భాగం ఆ వ్యవధిలోనే లోపలికి చేరాలి. చిమ్మడం మరీ ఆలస్యమైతే ఇంధనం ఆవిరి కాకుండా సిలిండర్ గోడలకు అంటుకొని ఆయిల్‌లోకి దిగుతుంది. అందువల్ల పరీక్ష ఇలా చేయాలి: డైనో (చక్రాలను రోలర్ల మీద తిప్పి శక్తిని కొలిచే యంత్రం) మీద, మూడవ గేరులో పూర్తి థ్రాటిల్‌తో 2500 నుంచి 6000 ఆర్‌పీఎం దాకా లాగించి, రైలు పీడనం కోరినంత ఉన్నదా, తక్కువ ఒత్తిడి పంపు నిలబడుతున్నదా, ఇంజెక్టర్ తెరిచి ఉండే కాలం ఎంత, అన్నవి చూడాలి. కోరిన రైలు పీడనం కన్నా అసలు పీడనం పది శాతం పడిపోతున్నదంటే పంపు హద్దుకు వచ్చినట్లే. అక్కడ ఇథనాల్ తగ్గించాలి లేదా పంపు మార్చాలి. మూడో దారి లేదు.

గొట్టాల విషయం క్లుప్తంగా చెబుతాను. 2023 ఏప్రిల్ తరువాత తయారైన వాహనాల్లో ఈ20కి తట్టుకునే పదార్థాలు వాడారు. అంతకు ముందరి బండ్లలో రబ్బరు గొట్టాలనూ, ఓ-రింగులనూ ఇథనాల్‌కు తట్టుకునే ఫ్లోరో ఎలాస్టోమర్ రకంతో మార్పించుకోవాలి. ఇథనాల్ ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మురికిని కరిగించి ముందుకు తోస్తుంది కనుక, కొత్త మిశ్రమంతో మొదటి వెయ్యి కిలోమీటర్ల తరువాత ఇంధన ఫిల్టర్‌ను మార్చే వీలున్న బండ్లలో తప్పక మార్చాలి.

నాల్గవ మెట్టు: ప్లగ్గులు, ఆయిల్, ఇంటర్‌కూలర్

ప్లగ్గులను కంపెనీ రకం కన్నా ఒక మెట్టు చల్లటివి, అంటే వేడిని త్వరగా వదిలేవి, వేయాలి. ఎన్‌జీకే ప్లగ్గుల్లో అంకె పెరిగితే చల్లటిది, బాష్ ప్లగ్గుల్లో అంకె తగ్గితే చల్లటిది. కొనేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి. బూస్ట్ పెంచదలచినవారు ప్లగ్గు సందును 0.1 మిల్లీమీటరు తగ్గిస్తే అధిక ఒత్తిడిలో నిప్పురవ్వ ఆరిపోకుండా ఉంటుంది. చిన్న టర్బో ఇంజన్లలో 2500 ఆర్‌పీఎం లోపు గట్టిగా లాగించినప్పుడు, ప్లగ్గు నిప్పురవ్వ కన్నా ముందే మిశ్రమం అంటుకొనే ప్రమాదం ఒకటుంది. ఇథనాల్‌కు నాకింగ్‌ను ఆపే శక్తి ఎంత ఉన్నా, వేడెక్కిన ప్లగ్గు కొసనో, మసి కణికనో తాకి అంటుకొనే గుణం పెట్రోలు కన్నా ఎక్కువే కనుక ఈ జాగ్రత్త విడిచిపెట్టరాదు. ఈ ముందస్తు మంటను దృష్టిలో పెట్టుకొని రూపొందించిన ఏపీఐ ఎస్‌పీ గ్రేడు ఆయిల్‌నే, కంపెనీ చెప్పిన చిక్కదనంలో వాడాలి. 5000 కిలోమీటర్లకే మార్చాలి.

మన ఎండలకు ఇంటర్‌కూలర్ మీద పెట్టే డబ్బు వృథా కాదు. పెద్ద ఇంటర్‌కూలర్ తగిలించలేనివారు కనీసం ఉన్నదాని రెక్కల్లో ఇరుక్కున్న పురుగులు, దుమ్ము కడిగించుకోవాలి. కోతల కాలంలో పొలాల మధ్య రోడ్ల మీద తిరిగిన బండికి ఇది మరీ అవసరం.

ఐదవ మెట్టు: మ్యాపు రాయడం

ఇక్కడ వరుస తప్పకూడదు. మొదట ఇంధనం, తరువాత నిప్పురవ్వ, చివరిగా బూస్ట్. చాలా షెడ్లలో దీనిని తలకిందులుగా చేస్తారు, ఎందుకంటే బూస్ట్ పెంచితే యజమానికి సీటులోనే తెలుస్తుంది.

ఇంధనాన్ని సరిచేసేటప్పుడు గాలి, ఇంధన నిష్పత్తిని ల్యామ్డాలోనే, అంటే సంపూర్ణ దహనానికి కావలసిన గాలితో అసలు గాలిని పోల్చే అంకెలోనే, చూడాలి. సంపూర్ణ దహనం ఏ ఇంధనానికైనా ల్యామ్డా 1.0 గానే ఉంటుంది, 14.7 లెక్కతో చూపే మీటరు ఇథనాల్ మిశ్రమంతో మనిషిని తప్పుదారి పట్టిస్తుంది. తక్కువ థ్రాటిల్‌లో ఈసీయూ తనంతట తాను నాలుగైదు శాతం తేడాను సర్దుకుంటుంది కనుక అక్కడ లోపం బయటపడదు; పూర్తి థ్రాటిల్‌లో ఆ సర్దుబాటుకు సమయం చాలక మిశ్రమం పలచబడవచ్చు. ముందుగా నిప్పురవ్వనూ, బూస్ట్‌నూ కంపెనీ విలువల్లోనే ఉంచి, ఇంధన సవరణ శాతం సున్నాకు మూడు శాతం అటూ ఇటూ నిలిచే దాకా పట్టికను సరిదిద్దాలి. పూర్తి థ్రాటిల్‌లో ల్యామ్డా 0.82 నుంచి 0.88 మధ్య ఉండడం ఈ మిశ్రమాలకు క్షేమకరం.

తరువాత నిప్పురవ్వ. ఒక్కో డిగ్రీ చొప్పున ముందుకు జరుపుతూ ప్రతిసారీ డైనో మీద టార్క్‌ను, అంటే ఇంజన్ తిప్పే బలాన్ని, చూడాలి. రెండు చోట్ల ఆగాలి: ఏ సిలిండర్‌లోనైనా నాకింగ్ వల్ల సమయం వెనక్కి జరగడం పదేపదే కనిపిస్తే, ఒక డిగ్రీ కాదు, రెండు డిగ్రీలు వెనక్కి రావాలి, నాకింగ్ లేకపోయినా ఒక డిగ్రీ పెంచినప్పుడు టార్క్ పెరగకపోతే, ఆ ముందరి విలువే సరైనది. ఈ రెండవ నియమం ఇథనాల్‌తో మరీ ముఖ్యం. పెట్రోలు నాకింగ్‌తో హెచ్చరిస్తుంది. ఇథనాల్ ఆ హెచ్చరిక లేకుండానే అవసరానికి మించిన సమయాన్ని భరిస్తుంది, ఆ అదనపు ఒత్తిడి మాత్రం పిస్టన్ మీదా, కనెక్టింగ్ రాడ్ మీదా పడుతూనే ఉంటుంది.

బూస్ట్‌ను 0.1 బార్ చొప్పున మాత్రమే పెంచాలి. బయటి గాలితో కలిపి 2.0 బార్ ఉన్నచోట 2.1 చేస్తే గాలి ఐదు శాతం పెరుగుతుంది, శక్తి కూడా రమారమి అంతే. మొత్తం మీద 0.2 బార్‌కు మించి నేను సలహా ఇవ్వను. కంపెనీ టర్బో ఆపైన గాలిని పెంచడం కన్నా వేడిని ఎక్కువ పెంచుతుంది. 2500 ఆర్‌పీఎం లోపు బూస్ట్‌ను అసలు ముట్టుకోకూడదు. ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతను చూడగలిగిన చోట 900 డిగ్రీలు దాటనివ్వకుండా ఉంచుకోవడం మన వాతావరణానికి మంచిది.

చివరిగా రక్షణ నియమాలను మ్యాపులోనే రాయించాలి. సెన్సార్ నిర్ణీత శాతం కన్నా తక్కువ ఇథనాల్ చూపినా, సెన్సార్ సంకేతమే ఆగిపోయినా, రైలు పీడనం పడిపోయినా, లోపలికి వెళ్లే గాలి 60 డిగ్రీలు దాటినా, ఇంజన్ ఈ20 విలువలకు వెంటనే దిగిరావాలి. ట్యూనింగ్ చేసేవారు ఈ నియమాలను మన ఎదుటే, సెన్సార్ తీగ ఊడదీసి నిరూపించే దాకా డబ్బు పూర్తిగా చెల్లించవద్దు.

ఆరవ మెట్టు: గేర్‌బాక్స్

ఇంజన్ ఇచ్చే టార్క్‌ను గేర్‌బాక్స్ మోయగలగాలి. కుషాక్, ఫోక్స్‌వ్యాగన్ టైగన్ ఒకటిన్నర లీటరు ఇంజన్‌తో వచ్చే ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ సామర్థ్యం 250 న్యూటన్ మీటర్లు. ఇంజన్ కంపెనీ నుంచే అంత టార్క్ ఇస్తుంది. అటువంటి బండిలో టార్క్ శిఖరాన్ని పెంచకుండా, 4000 ఆర్‌పీఎం పైన అది పడిపోకుండా నిలబెట్టడమే ట్యూనింగ్ కావాలి. అలా చేస్తే టార్క్ పెరగకుండానే గుర్రపు శక్తి పెరుగుతుంది, క్లచ్ పదిలంగా ఉంటుంది. మాన్యువల్ బండ్లలో ఐదవ గేరులో తొక్కినప్పుడు ఆర్‌పీఎం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్లు. అప్పుడు మ్యాపును తగ్గించాలి లేదా క్లచ్ మార్చాలి.

ఏడవ మెట్టు: ఎండలో పరీక్ష

డైనో పని కోసం మనవారు చెన్నై గానీ, బెంగళూరు గానీ వెళ్లవలసి వస్తుంది. అక్కడ డిసెంబరు ఉదయం, ఎదుట పెద్ద ఫ్యాన్ పెట్టి సరిచూసిన మ్యాపు, మే నెలలో నిండు బండితో ఘాట్ ఎక్కేటప్పుడు సరిపోతుందన్న హామీ లేదు. వీలైతే పనిని ఏప్రిల్, మే నెలల్లోనే పెట్టుకోవాలి. చలికాలంలో చేయించినవారు నిప్పురవ్వలో రెండు డిగ్రీలు మిగులు ఉంచుకొని, ఎండాకాలంలో నమోదు చూసిన తరువాతే దానిని వాడుకోవాలి. జాతీయ రహదారి మీద పూర్తి థ్రాటిల్ పరీక్షలు చేయకూడదు. గట్ల మీద నుంచి ట్రాక్టర్లు, గేదెలు ఎప్పుడు రోడ్డెక్కుతాయో ఎవరూ చెప్పలేని ప్రాంతం మనది. రోడ్డు మీద మామూలు ప్రయాణంలో నాకింగ్, ఇంధన సవరణ, గాలి ఉష్ణోగ్రతలను నమోదు చేసుకుంటే చాలు. ఆ సమయంలో పరికరాన్ని చూసే పని పక్కన కూర్చున్నవారిదే కావాలి.

చలికి ఇథనాల్ బండి స్టార్ట్ కాదన్న భయం మనకు అక్కర లేదు. ఈ40 దాకా నెల్లూరు పుష్యమాసపు చలి ఒక సమస్య కాదు.

వానాకాలపు జాగ్రత్త

మన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనంతో, తుపానులతో వస్తాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది; నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి, పంపు ముందుగా లాగేది ఆ అడుగు పొరనే. కనుక ఆ మూడు నెలలు ట్యాంకును సగానికి తగ్గకుండా ఉంచాలి, మూడు వారాలకు మించి బండిని కదపకుండా నిలపకూడదు. తుపాను వెలిసిన మొదటి వారంలో, నీళ్లు నిలిచిన ప్రాంతపు బంకులో ఇంధనం పోయించుకోవలసి వస్తే ముందు ఒక గ్లాసు పట్టించి చూడాలి. మసకగా గానీ, రెండు పొరలుగా గానీ కనిపిస్తే వదిలేయాలి.

కొత్త మ్యాపుతో వెయ్యి కిలోమీటర్లు తిరిగాక నాలుగు ప్లగ్గులూ విప్పించి చూడాలి. పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే సరిగా ఉన్నట్లు. తెల్లగా పాలిపోయి, దాని మీద వెండి చుక్కలు కనిపిస్తే పిస్టన్ లోహం కరుగుతున్నట్లు, బండిని ఇక నడపకుండా మ్యాపు వెనక్కి తీసుకోవాలి. అదే రోజు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ వాసన చూడాలి. మట్టం పెరిగి ఇంధనపు వాసన వేస్తుంటే పోసిన ఇంధనం పూర్తిగా ఆవిరి కాకుండా ఆయిల్‌లోకి దిగుతున్నదన్నమాట. ఆయిల్ మార్పించి, ఈ40 నుంచి ఈ30కి దిగి, మూడవ మెట్టు పరీక్షను మళ్లీ మొదటి నుంచి చేయించాలి.